అంటువ్యాధుల పరిశోధనకు విరాళం: మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎలా ఇవ్వాలి

మా అమ్మమ్మకు కుడికాలు బోదకాలు. నరసన్నపేట దగ్గర పల్లెలో ఆవిడ ఇల్లు. సెలవులకు వెళ్లినప్పుడల్లా సాయంత్రం ఆవిడ వీధరుగు మీద కూర్చుని కాలు కడుక్కోవడం చూసేవాణ్ణి. చెంబుతో నీళ్లు పోసుకుని, సబ్బు నురగతో ఒక్కో మడత విప్పి కడిగేది. తర్వాత పాత చీర ముక్క తీసుకుని వేళ్ల సందుల్లో తడి లేకుండా అద్దేది. ఎంత పని ఉన్నా అది మాత్రం తొందరగా ముగించేది కాదు. "తడుండిపోతే ఒరిసిపోతాది, ఒరిస్తే జొరమొస్తాది" అనేది. పెద్దయ్యాక చదివితే డాక్టర్లు చెప్పేదీ అదే. వేళ్ల మధ్య పుండు పడితే అక్కణ్నుంచి బ్యాక్టీరియా లోపలికి వెళ్తుంది, జ్వరం వస్తుంది, అలా వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది.

ఆవిడ పోయినప్పుడు పెద్దకర్మ ఖర్చు కొంత తగ్గించి, ఆ డబ్బు ఈ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్లకు ఇద్దామని మావయ్య అన్నాడు. అందరికీ నచ్చింది. కానీ ఎవరికివ్వాలో, ఎలా పంపాలో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. తెలియక ఒకసారి దెబ్బ కూడా తిన్నాం. మీకు ఆ ఇబ్బంది రాకుండా, మేం నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: వైద్యానికా, పరిశోధనకా

రెండూ మంచి పనులే, కానీ రెండూ ఒకటి కావు. టీబీ రోగికి ఆరు నెలలు పోషకాహారం బుట్ట ఇవ్వాలనుంటే 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం ఉంది. మీ దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో టీబీ విభాగాన్ని అడిగితే నమోదు ఎలాగో చెబుతారు. ఇచ్చిన నెలే ఆ మనిషి మొహంలో తేడా చూడొచ్చు.

పరిశోధనకు ఇచ్చేదానికి అలాంటి తక్షణ ఫలితం ఉండదు. పదేళ్లు పట్టొచ్చు, అసలేమీ తేలకపోనూ వచ్చు. అయినా ఎందుకివ్వాలంటే, ఆ బుట్ట వల్ల ఎంత మేలో లెక్కగట్టి చూపించింది పరిశోధనే కాబట్టి. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగుల ఇళ్లలో 2019 నుంచి 2022 దాకా ఒక అధ్యయనం జరిగింది. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధనా సంస్థ, మంగళూరుకు చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ కలిసి చేశారు. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. సగం ఇళ్లలో మాత్రం మిగతా కుటుంబ సభ్యులకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 నుంచి 48 శాతం తగ్గింది. బియ్యం, పప్పు! మందు కాదు, టీకా కాదు. ఇది 2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చాకే, తిండికీ టీబీకీ సంబంధం ఉందని పెద్దవాళ్లు అనే మాటకు గట్టి రుజువు దొరికింది.

మా ఇంటికి ఇంకా దగ్గర కథ ఒకటుంది. 1920ల మొదట్లో సంగతి. భీమవరంలో పుట్టిన ఒక యువకుడు అమెరికా వెళ్లి చదువుకోవడానికి డబ్బుల్లేక తిప్పలు పడుతున్నాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ సాయం చేస్తామని మాటిచ్చింది. మామగారు మరికొంత పోగుచేశారు. అలా ఆయన బోస్టన్‌లో దిగాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. దాదాపు పాతికేళ్ల తర్వాత, 1947లో, ఆయన నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బోదకాలు పురుగును చంపే డైఇథైల్ కార్బమజైన్ మందును బయటపెట్టింది. మన ఊళ్లలో ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చి ఇచ్చే డీఈసీ మాత్ర అదే. ఆ మాత్రల్ని ఇప్పుడు విశాఖలో ఎయిసాయ్ కంపెనీ తయారుచేసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా 2013 నుంచి ఎన్నో దేశాలకు ఉచితంగా పంపుతోంది. కాకినాడ ట్రస్టు వాళ్లు ఇస్తామన్నప్పుడు వాళ్లకు శ్రీకాకుళంలో మా అమ్మమ్మ కాలు సంగతి తెలిసే అవకాశమే లేదు. నేను పరిశోధనకు డబ్బు పంపే ప్రతిసారీ ఇదే తలుచుకుంటాను.

ఏ జబ్బుకి

అన్నిటికీ కొంచెం కొంచెం ఇవ్వకండి. ఒకటి ఎంచుకోండి. మీ ఇంట్లోనో మీ ఊళ్లోనో చూసినదైతే సంవత్సరాల తరబడి దాని సంగతి పట్టించుకుంటారు. మన దగ్గర వెతుక్కోనక్కర్లేదు. కోస్తా పల్లెల్లో బోదకాలు, సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లో మలేరియా, అన్నిచోట్లా టీబీ. వానాకాలంలో వాంతులు, విరేచనాలు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ఎలా కమ్మేసిందో మనం మర్చిపోలేదు. పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఉంది. కుష్టు కూడా పూర్తిగా పోలేదు.

ఉద్దానం కిడ్నీ జబ్బు అంటువ్యాధి కాదు కాబట్టి దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. కానీ కారణం తెలియని జబ్బుతో బతకడం అంటే ఏమిటో కవిటి, సోంపేట, పలాస మనుషులకు ఒకరు చెప్పాలా? పరిశోధన ఎందుకని ఎవరైనా అడిగితే నేను అటువైపే చూపిస్తాను.

ఏ సంస్థకి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

ఒక రకం ప్రభుత్వ సంస్థలు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ కింద చెన్నైలో క్షయ పరిశోధనా సంస్థ, పుదుచ్చేరిలో దోమల ద్వారా వచ్చే జబ్బుల మీద పనిచేసే వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి. వీటికి ప్రధానంగా ప్రభుత్వమే డబ్బిస్తుంది. మామూలు మనిషి విరాళం తీసుకునే ఏర్పాటు ఉందో లేదో ముందు డైరెక్టరు కార్యాలయానికి మెయిల్ రాసి కనుక్కోవాలి. రాతపూర్వకంగా జవాబు రాకుండా ఒక్క రూపాయి పంపొద్దు. ఆ సంస్థ పేరు చెప్పుకుని ఇంకెవరో పంపిన ఖాతా నంబరుకైతే అసలే పంపొద్దు.

రెండో రకం లాభాపేక్ష లేని సంస్థలు. వెల్లూరు సీఎంసీ విరాళాలు తీసుకుంటుంది. అక్కడ అంటువ్యాధుల మీద, ముఖ్యంగా పిల్లల విరేచనాల మీద పెద్ద పరిశోధనే జరిగింది. వెల్లూరు దగ్గరే కరిగిరిలో కుష్టు పరిశోధనకు షీఫెలిన్ సంస్థ ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే లెప్రా సొసైటీకి చర్లపల్లిలో బ్లూ పీటర్ పేరుతో పరిశోధనా కేంద్రం ఉంది. బ్లూ పీటర్ అన్నది బీబీసీలో వచ్చే పిల్లల కార్యక్రమం పేరు. అది చూసే పిల్లలు పోగుచేసిన విరాళాలతో ఆ కేంద్రం వచ్చింది. చిన్న మొత్తాలు ఎందుకూ పనికిరావని అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇలాంటి సంస్థలతో ఒక జాగ్రత్త. ఆసుపత్రి కూడా నడిపే చోట, మీరు ఏమీ చెప్పకుండా పంపిన డబ్బు మామూలుగా పేద రోగుల వైద్యానికి వెళ్తుంది. అందులో తప్పు లేదు. మీకు పరిశోధనకే వెళ్లాలని ఉంటే ఆ మాట ముందే రాసి ఇవ్వాలి. "కార్పస్ ఫండ్" అని వాళ్లంటే, మీ అసలు అలాగే ఉంచి వడ్డీ మాత్రం ఖర్చుపెడతారని అర్థం. చిన్న మొత్తాలకు నేనది ఒప్పుకోను. పది వేల మీద వచ్చే వడ్డీతో ల్యాబ్‌లో ఏం కొంటారు?

మేం పంపే మెయిల్ ఇలా ఉంటుంది. మీకు ఇంగ్లిష్ ఇబ్బందయితే ఇంట్లో కాలేజీ పిల్లలతో రాయించుకోండి:

"అయ్యా, మాది శ్రీకాకుళం జిల్లా. మా కుటుంబం తరఫున బోదకాలు పరిశోధనకు 25,000 రూపాయలు ఇవ్వాలనుకుంటున్నాం. మీ దగ్గర ఈ జబ్బు మీద ప్రస్తుతం ఏ పని జరుగుతోంది? ఈ డబ్బు వైద్యానికి కాకుండా ఆ పనికే వాడతామని రాతపూర్వకంగా చెప్పగలరా? మా మొత్తం ఏ ఖర్చుకు సరిపోతుంది, పరీక్ష కిట్లకా, ఊళ్లలో తిరిగే సిబ్బంది జీతానికా? ఏడాది తర్వాత ఏం జరిగిందో రెండు పేజీల్లో తెలియజేయగలరా?"

జవాబు వచ్చే తీరును బట్టి సగం తెలిసిపోతుంది. పని నిజంగా చేసేవాళ్లు ప్రాజెక్టు పేరుతో సహా చెబుతారు. జీతానికి అని చెప్పినా నిరాశపడకండి. రాత్రిపూట ఊళ్లు తిరిగి రక్తం చుక్కలు సేకరించే ల్యాబ్ టెక్నీషియన్ లేకపోతే ఏ మైక్రోస్కోపూ పనికిరాదు.

కాగితాలు చూడటం

మేం దెబ్బతిన్నది ఇక్కడే. విజయనగరంలో ఒక ఫంక్షన్ హాల్లో ఒక సంస్థ వాళ్లు స్టాల్ పెట్టి, జబ్బుల పరిశోధన అని పెద్ద బ్యానరు కట్టి, తెల్లకోటు వేసుకున్న కుర్రాళ్లతో మాట్లాడించారు. మావయ్య అక్కడికక్కడే 10,000 రూపాయలు నగదు ఇచ్చేశాడు. రంగుల రసీదు ఇచ్చారు. దాని మీద పాన్ లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఆరు నెలల తర్వాత ఫోను చేస్తే నంబరు పనిచేయలేదు. మావయ్య డబ్బు గురించి ఒక్క మాట కూడా అనలేదు. "మీ అమ్మమ్మ పేరు చెప్పి ఇచ్చాన్రా" అని మాత్రం అన్నాడు.

అందుకని ఇవి అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, నిజమైన సంస్థలు వీటిని తమ వెబ్‌సైట్లోనే పెట్టుకుంటాయి. సంస్థ పాన్, 12ఏ రిజిస్ట్రేషన్ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ రిజిస్ట్రేషన్ (విరాళమిచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు). 80జీ ఇప్పుడు శాశ్వతం కాదు, మామూలుగా 5 ఏళ్లకే ఇస్తారు, కాబట్టి గడువు తేదీ చూడండి. స్వచ్ఛంద సంస్థ అయితే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో పేరు ఉందేమో చూడండి. పరిశోధన అని చెప్పుకునేవాళ్లకు ఇంకో గుర్తింపు ఉంటుంది. కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం ఇచ్చే సైరో గుర్తింపు. అన్నిటికీ ఉండాలని లేదు గానీ ఉంటే నమ్మకం పెరుగుతుంది.

కాగితాలన్నీ సరిగ్గా ఉండి పరిశోధన మాత్రం లేని సంస్థలూ ఉంటాయి. దానికి రెండు చోట్ల వెతకండి. మనుషుల మీద మందులు, టీకాలు పరీక్షించాలంటే ఐసీఎంఆర్ నడిపే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి, 2009 నుంచి ఇది తప్పనిసరి. అందులో సంస్థ పేరు కొట్టి చూడండి. పబ్‌మెడ్ అనే ఉచిత వెబ్‌సైట్లో అదే పేరు కొడితే వాళ్లు ప్రచురించిన వ్యాసాలు కనిపిస్తాయి. అర్థం కావక్కర్లేదు. గత ఐదేళ్లలో ఏమైనా వచ్చాయా లేదా అన్నది చూస్తే చాలు.

డబ్బు పంపడం

నగదు వద్దు. 2,000 రూపాయలు దాటి నగదు ఇస్తే పన్ను మినహాయింపు ఎలాగూ రాదు. బ్యాంకు బదిలీ గానీ యూపీఐ గానీ వాడండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక తెరమీద వచ్చే పేరు సంస్థ పేరేనా చూడండి. మనిషి పేరు వస్తే అక్కడితో ఆపేయండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన కోడ్ కాకుండా సంస్థ వెబ్‌సైట్లో ఉన్నదే వాడండి. మొదట 10 రూపాయలు పంపి, అందిందని వాళ్లు మెయిల్లో చెప్పాక మిగతాది పంపడం మా ఇంట్లో అలవాటు.

రిమార్క్స్ దగ్గర జబ్బు పేరు, పరిశోధన అన్న మాట రాయండి. మీ పేరు, చిరునామా, పాన్ మెయిల్లో పంపండి. రసీదు వెంటనే వస్తుంది. దానితో పాటు, ఇన్నాళ్లూ 10బీఈ అని పిలిచిన విరాళం సర్టిఫికెట్ కూడా రావాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా సంస్థ దాన్ని ఇవ్వాలి. జూన్ మొదటి వారానికి రాకపోతే గుర్తు చేయండి. అది లేకుండా రిటర్నులో క్లెయిమ్ చేస్తే చిక్కు.

ఒకేసారి 12,000 ఇవ్వడం కన్నా నెలకు 1,000 ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. సంస్థకు వచ్చే నెల ఎంత వస్తుందో తెలుస్తుంది, మనకూ భారం కాదు.

పన్ను సంగతి

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల నంబర్లు మారుతున్నాయి. మనకు పాత పేర్లే అలవాటు గనుక నేనూ వాటితోనే చెబుతాను. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపులేవీ రావు. పాత విధానంలో ఉంటే, మామూలు 80జీ సంస్థకు 10,000 ఇస్తే అందులో సగం, అంటే 5,000 మీ ఆదాయంలోంచి తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సెస్సుతో కలిపి 1,040 రూపాయలు మిగులుతుంది. శాస్త్ర పరిశోధనకని ప్రత్యేకంగా నోటిఫై అయిన సంస్థకైతే 80జీజీఏ కింద మొత్తం 10,000 తగ్గుతుంది. ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇది పనికొస్తుంది, వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లకు మాత్రం వేరే సెక్షన్, 35 కింద వస్తుంది. మీ ఆడిటర్‌ని ఒక్కసారి అడగండి. పన్ను కోసమే అయితే ఈ పని అంత లాభసాటి కాదు, ముందే తెలుసుకోవడం మంచిది.

బయట దేశాల్లో ఉన్న మనవాళ్లు

మన జిల్లాల్లో గల్ఫ్‌కో, సింగపూర్‌కో మనిషి వెళ్లని వీధి లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే మాత్రం విదేశీ విరాళమే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. అప్పుడు సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో వాళ్ల ప్రత్యేక ఖాతాకే వెళ్లాలి. అమెరికాలో స్థిరపడిన మేనత్త డబ్బును మీ ఖాతాలో వేయించుకుని మీ పేరున పంపడం తేలికనిపిస్తుంది. చేయకండి, సంస్థకే చిక్కులొస్తాయి.

కలిసి ఇవ్వాలంటే

పదో తరగతి బ్యాచ్, అపార్ట్‌మెంట్ సంఘం, స్త్రీనిధి గ్రూపు, ఎవరైనా కలిసి ఇవ్వొచ్చు. కానీ ఒకరి ఖాతాలో పోగుచేస్తే రసీదు ఆ ఒక్కరి పేరునే వస్తుంది, లెక్కల దగ్గర మాటలొస్తాయి. ఎవరికి వాళ్లు నేరుగా పంపి, రిమార్క్స్‌లో అందరూ ఒకే మాట రాయండి. పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. మీరిచ్చినంత కంపెనీ కూడా కలుపుతుందా అని హెచ్‌ఆర్‌లో అడగండి. అడిగితే పోయేదేముంది?

డబ్బు కానిది

బోదకాలు పురుగు పిల్లలు పగలు రక్తంలో దాదాపు కనిపించవు, రాత్రి పది దాటాకే బయటికొస్తాయి. అందుకే సర్వే వాళ్లు నిద్రవేళకు వచ్చి తలుపు కొడతారు. విసుక్కోకుండా వేలు చాపండి. ఆ ఒక్క చుక్క కూడా విరాళమే, దాన్ని డబ్బు పెట్టి కొనలేరు. పగలే చేయగలిగే స్ట్రిప్ పరీక్ష ఇప్పుడు వచ్చింది, అదీ పరిశోధన వల్లే. మాత్రలు పంచినప్పుడు అన్నం తిన్నాక, ఇచ్చినవాళ్ల ఎదురుగానే వేసుకోండి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుపడి ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వరు.

పంపాక

ఏడాదికోసారి ఉత్తరం అడగండి. మేం తొలిసారి సరైన చోటికి పంపాక వచ్చిన రెండు పేజీల్లో, వాళ్లు ప్రయత్నించిన పద్ధతి అనుకున్నట్టు పనిచేయలేదని, ఎందుకో కనుక్కునే పనిలో ఉన్నామని రాశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. మావయ్యకు తెలుగులో చదివి వినిపించాను. కళ్లద్దాలు తీసి, "అయితే ఈసారేటి చేస్తారంట?" అని అడిగాడు. కింద రాసిందేమో చూసి చెప్పాను. ఆ నెల కూడా పదో తేదీకే తన వెయ్యి పంపాడు.